మన యూళ్ల పేళ్లలో ఇంగ్లీషు మాటలు

రేణిగుంట జంక్షనులో బండి మాఱవలసిన వానికి మొదటి యరగంట సులభముగనే గడచును. గుండు చేయించుకొని కొండ దిగి వచ్చిన యాత్రికులను, వారి లడ్డూ సంచులను, ఆ సంచులకు కావలియున్న పిల్లలను చూచుచుండవచ్చును. రెండవ యరగంటనుండి కన్నులకు పని తక్కువగును. అట్టి సమయమున ఒకనాడు నా చూపు ప్లాటుఫారము కొసనున్న పసుపుపచ్చని పలకపై నిలిచినది. దానిపై ఊరి పేరు ఇంగ్లీషున తొమ్మిది యక్షరములతో వ్రాయబడి యున్నది: ఆర్, ఈ, ఎన్, ఐ, జీ, యూ, ఎన్, టీ, ఏ. ఈ తొమ్మిదింటిని నెత్తిన బెట్టుకొన్న ఇంగ్లీషు మాట యేదైనను గలదా యని యాలోచింపసాగితిని. నా బండి వచ్చునప్పటికి దొరకినది. ఒక్క డీ చేర్చినచో అది 'డీనేచరింగ్' అగును. స్వభావమును పోగొట్టుట యని దాని యర్థము. సారాలో పనికిమాలిన వస్తువు కలిపి త్రాగుటకు వీలులేకుండ చేయుటను అట్లందురు. కోడిగ్రుడ్డు నుడికించినపుడు తెల్లసొన గట్టిపడుటయు ఆ జాతి మార్పే.

ఇది పనిలేనివాని పని యని కొందఱు శ్రోతలు నవ్వుకొనవచ్చును. నేనును చాలకాలము అట్లే తలచినవాడను. నా తలపు మార్చినది పలమనేరు వైపునుండి వచ్చిన యొక పిల్లవాడు. వాని కథ చెప్పకమునుపు ఈ వెదకుటలోని కష్టమేమో కొంచెము చెప్పవలసియున్నది.

నిఘంటువు మన చేతిలో నున్నను ఈ పనికి అక్కఱకు రాదు. బ్రౌను దొర 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువు గాని, ఇంగ్లీషువారి పెద్ద నిఘంటువులు గాని, మాటలను మొదటి యక్షరమునుబట్టి కూర్చినవి. మొదటి యక్షరము తెలిసినవానికి తలుపు తెఱచుకొనును. నడుమ నీ యక్షరములున్న మాట కావలె నన్నవాడు గోడచుట్టు తిరుగవలసినదే. మన యమరకోశమునకు అర్థము తలుపు. దేవతల పేళ్లొక చోట, చెట్ల పేళ్లొక చోట నుండును. అక్షరములను బిడ్డలను జంకబెట్టుకొన్నట్లు పెట్టుకొని వచ్చిన వానికి ఏ తలుపును లేదు. అయినను మన పూర్వులకీ యవసరము రాకపోలేదు. శకటరేఫము గల మాటలేవి, సాధురేఫము గల మాటలేవి యని లాక్షణికులు పట్టికలు కూర్చిరి. ప్రాసస్థానమున రెండింటిని కలిపి తప్పు చేయకుండుటకు కవికి ఆ పట్టికలు కావలసివచ్చెను. ఫలానా యక్షరము లోపలనున్న మాటలను ఏఱి యొక చోట చేర్చుటయే గదా అది!

ఇక పిల్లవాని సంగతి. నేను ఈ సీమ పాఠశాలలలో చాల యేండ్లు ఇంగ్లీషు చెప్పితిని. నా కాలపు ఉపాధ్యాయులకు స్పెల్లింగు రాని పిల్లవానికి తెలిసిన మందు ఒక్కటే: నూఱుసార్లు వ్రాయించుట. ఎనిమిదవ తరగతిలో నీ పిల్లవాడు 'పార్లమెంటరీ' యను మాటను వ్రాసినప్పుడెల్ల ఒక యక్షరము మ్రింగెడివాడు. ఒకసారి ఐ పోవును, మఱియొకసారి కడపటి ఏ పోవును. నూఱుసార్లు వ్రాయించితిని. నూట యొకటవసారి మఱల తప్పే వచ్చెను. అందఱి యెదుట వానిని నిలువబెట్టి, "ఊరి పేరైనను తప్పులేకుండ వ్రాయగలవా?" యని యెత్తిపొడిచితిని. అది యుపాధ్యాయుడు అనవలసిన మాట గాదు. వాడు ఏమియు అనక కూర్చుండెను.

మూడు దినములైన పిమ్మట వాడు పాత పెండ్లి శుభలేఖలను కత్తిరించి చేసిన అట్టముక్కల నొక సంచిలో దెచ్చెను. ఒక్కొక్క ముక్కపై నొక్కొక్క ఇంగ్లీషు అక్షరము వ్రాసియున్నది. వానిని నా బల్లపై పఱచి, "అయ్యవారూ, మా ఊరు ఈ మాటలో ఉండాది" అనెను.

"ఏ మాటలోరా?" యంటిని.

"మీరు రాయమన్న మాటలోనే. పార్లమెంటులో పెట్టి చూస్తే పట్టలేదయ్యవారూ. మా ఊరికి మూడు ఏలు కావాల. దాంట్లో రెండే ఉండాయి. పార్లమెంటరీలో మూడుండాయి, సరిపోయినాది."

నేను వ్రేళ్లతో లెక్కించి చూచితిని. పలమనేరు పేరునకు ఇంగ్లీషున తొమ్మిది యక్షరములు: మూడు ఏలు, పీ, ఎల్, ఎమ్, ఎన్, ఈ, ఆర్. పార్లమెంటరీ యను మాటకు పదుమూడు. ఆ పదుమూటిలో పలమనేరు పూర్తిగా నిమిడియున్నది. మిగిలినవి ఆర్, ఐ, టీ, వై. పార్లమెంటులో నొక ఏ తక్కువ. నేను నూఱుసార్లు వ్రాయించి నేర్పలేని మూడవ ఏను వాని యూరు వానికి నేర్పినది. మిగిలిన అట్టముక్కలలో నున్న ఐని చూపి, "ఇదేరా నీవు మ్రింగునది" అంటిని. వాడు నవ్వెను. అటుతర్వాత ఆ మాట వాని చేతిలో తప్పిన జ్ఞాపకము నాకు లేదు. ఎత్తిపొడిచినందుకు నేను వానితో నేమియు ననలేదు, అనియుండవలసినది.

ఆనాటినుండి నాకును ఆ సంచి పిచ్చి పట్టినది. 1911లో నేర్పడిన చిత్తూరు జిల్లా 2022లో చీలి తిరుపతి వేఱు జిల్లా యైనది. నేను చెప్పబోవు ఊళ్లన్నియు ఆ పాత జిల్లాలోనివే.

చిత్తూరుతో మొదలిడుదము. సీ, హెచ్, ఐ, రెండు టీలు, రెండు ఓలు, ఒక ఆర్ - మొత్తము ఎనిమిది. ఈ యెనిమిదింటిని అటునిటు మార్చినచో, ఒక్క యక్షరమైనను ఎక్కువ తక్కువ లేకుండ, 'ఆర్థోటిక్' అను మాట వచ్చును. కాలికో వెన్నునకో ఆధారముగా వైద్యులు కట్టించు పట్టెను, చెప్పులోని మెత్తను అట్లందురు. ఎముకలు విఱిగినవారికి కట్టు కట్టుటలో పేరుపడిన యూరు పుత్తూరు గదా, ఆ మాట దానికి దక్కక చిత్తూరునకు దక్కెనేమి యని నేను చిన్నబుచ్చుకొంటిని. అక్షరములకు న్యాయాన్యాయములు తెలియవు. పుత్తూరునకు దొరకినది 'అప్‌థ్రస్ట్' - నీటిలో మునిగిన వస్తువును పైకి ఎత్తు బలము. పుత్తూరు ఆఱక్షరములకు హెచ్, ఎస్ చేర్చినచో ఆ మాట యగును.

పీలేరు పేరును ఇంగ్లీషున నైదక్షరములతో వ్రాయు వాడుక యున్నది. దానిని తిరుగవేసిన 'పెరిల్', అనగా అపాయము. ఆ యూరివారు కోపింపవలదు; అవే యైదక్షరములతో 'ప్లయర్' అనియు చేయవచ్చును, అది మేకులు పీకు పట్టుకారు. నగరికి ఒక ఎస్ చేర్చిన 'సాంగ్రియా' యను స్పెయినువారి ద్రాక్షపానీయమగును. ఎస్‌కు బదులు ఏ చేర్చిన నయాగరా జలపాతమగును. పేళ్లను లెక్కలోనికి తీసికొనరాదని ఈ యాటలో నొక కట్టడి యున్నది గావున నయాగరాను వదలుకొనవలసినదే. నగరి చేనేతవారికి ఆ జలపాతముతో పనియు లేదు.

తిరుమల మాట చెప్పిన మీకు నవ్వు వచ్చును. పరీక్షకు ముందు కొండకు మ్రొక్కుకొను విద్యార్థులు మన యింట లేనివారెవరు? తిరుమల యను పేరులోని యెనిమిది యక్షరములును మన తాతలనాటి 'మెట్రిక్యులేషను' అను మాటలో చెక్కుచెదరక యున్నవి.

తిరుపతి నాకు చాల దినములు దొరకలేదు. టీలు రెండు, ఐలు రెండు, ఆర్, యూ, పీ, ఏ. మొదట దొరకినది 'పర్టిక్యులారిటీ'. విశిష్టత యని యర్థము. పదుమూడక్షరముల మాట, తిరుపతి యందులో సుఖముగా కూర్చున్నది, కాని ఐదక్షరములు మిగిలిపోయినవి. ఇంకను బిగువైన మాట యుండునని తోచెను. అటుపై నొకనాడు వైద్యుని గదిలో నా వంతుకొఱకు కాచుకొనియుండగా గోడపై పటములో దొరకినది: 'పిట్యూటరీ'. తలలో మెదడు క్రింద బఠాణిగింజంత ప్రమాణమున నుండి, ఇతర గ్రంథులను శాసించు పీయూషగ్రంథికి అది పేరు. తొమ్మిదే యక్షరములు. తిరుపతికి ఒక్క వై చేర్చిన చాలును. నా వంతు వచ్చినదని పిలిచినను నేను లేవలేదట.

ఇట్లు అదృష్టముపై నాధారపడక వెదకుటకు దారియున్నదా? ఉన్నది. మాటలోని యక్షరములను ఏ, బీ, సీల వరుసలో పేర్చుట మొదటిది. తిరుపతి అప్పుడు ఏ, ఐ, ఐ, పీ, ఆర్, టీ, టీ, యూ అగును. పిట్యూటరీయు అట్లే యగును, కొసను వై మాత్రము అదనము. చిత్తూరు, ఆర్థోటిక్ రెండును పేర్చినచో ఒక్క తీరున నుండును. నిఘంటువులోని ప్రతి మాటను ఇట్లు పేర్చి, పేర్చిన వరుసనుబట్టి మఱల నిఘంటువు కూర్చినచో, ఒక్క యక్షరములు గల మాటలన్నియు ఒక్క పుటకు చేరును.

రెండవది లెక్కలవారి దారి. ఇరువదియాఱు అక్షరములకు వరుసగా ఇరువదియాఱు ప్రధాన సంఖ్యలను ఇచ్చుట: ఏకు 2, బీకి 3, సీకి 5, డీకి 7, ఈకి 11, ఇట్లు జెడ్‌కు 101 వఱకు. మాటలోని యక్షరముల సంఖ్యలను హెచ్చవేయవలెను. 'బ్యాడ్' అను మాటకు 3, 2, 7 హెచ్చవేసిన 42 వచ్చును. పూస యను నర్థము గల 'బీడ్' అను మాటకు 462. 462ను 42తో భాగించిన శేషము లేక 11 వచ్చును. 11 ఈ యక్షరమునకు గుర్తు. అనగా మొదటి మాట రెండవదానిలో నున్నది, మిగిలినది ఈ. పిట్యూటరీని తిరుపతితో భాగింపుడు, 97 వచ్చును, అది వై. హెచ్చవేతలో వరుసతో పని లేదు, ఏ యక్షరము ఎన్నిమారులున్నదో అదియు మఱుగుపడదు. ఏ సంఖ్యయైనను ప్రధాన సంఖ్యల గుణకారముగా ఒక్క తీరుననే విడిపోవునని 1801లో గౌసు పండితుడు నిలిపిన సిద్ధాంతము దీనికి అండ. అక్షరములకు సంఖ్యల నిచ్చుట మనకు క్రొత్తగాదు. మేళకర్త రాగముల పేళ్లలో మొదటి రెండక్షరములు కటపయాది లెక్కను రాగము సంఖ్యను చెప్పును. అయితే అక్కడ వరుస ప్రధానము, ఇక్కడ వరుసకు విలువయే లేదు.

నేడు జేబులోని ఫోను ఈ పనిని కనుఱెప్ప పాటులో చేయును. కాగితముతో వెదకువానికి నేను చెప్పునది వేఱు. అరుదైన యక్షరమును ముందు పట్టుకొనవలెను. బ్రహ్మోత్సవముల సమ్మర్దములో తప్పిపోయిన తాతను వెదకువాడు, తెల్ల పంచె కట్టినవా డని వెదకిన దొరకడు. ఎఱ్ఱ తలపాగ యని వెదకవలెను. ఇంగ్లీషున ఈ, ఏ, టీ తెల్లపంచెలు. క్యూ, జెడ్, జే, ఎక్స్ ఎఱ్ఱ తలపాగలు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి వార్తాపత్రికలలో నే యక్షరము ఎన్నిమారులు వచ్చునో లెక్కించి అక్షరపు బిళ్లల యాట నొకటి కల్పించెను. 1948లో దానికి స్క్రాబుల్ అను పేరు వచ్చెను. అందులో ఈ బిళ్లలు పండ్రెండు, ఒక్కొక్కదానికి ఒక్క గుర్తు; క్యూ బిళ్ల ఒక్కటే, దానికి పది గుర్తులు.

మన తెలుగున నీ యాట యేల పుట్టలేదని యొక మిత్రుడు నన్నడిగెను. పుట్టినది, వేఱు రూపమున. అవధానములో న్యస్తాక్షరి యున్నది: ఫలానా పాదమున ఫలానా స్థానమున ఫలానా యక్షరము రావలెనని పృచ్ఛకుడు కోరును, అవధాని ఛందస్సు చెడకుండ, అర్థము చెడకుండ దానిని నిలుపవలెను. నిషిద్ధాక్షరిలో నింకను కష్టము. కవి తరువాత వేయబోవు నక్షరమును పృచ్ఛకుడు ఊహించి వలదనును. తిరుపతి వేంకట కవులు గోదావరీ కృష్ణా తీరములవారైనను, మన స్వామి పేరును మోసిన ఆ జంట యీ విద్యను ఊరూర వెలయించెను. ఇంగ్లీషువాని యాటలో మాట దొరకిన చాలును. అవధానికి దొరకిన మాట పద్యములో నొదుగవలెను.

లిపి భేదమును గలదు. తెలుగున తిరుపతి యనగా కంటికి నాలుగక్షరములు. ఆ నాలుగింటిని ఎంత త్రిప్పినను 'పతి' వచ్చును, ఇంకేమంత రాదు. గుణింతములను విడదీసి వర్ణములుగా జూచినచో మాత్రము, త్, ఇ, ర్, ఉ, ప్, అ, త్, ఇ - విచిత్రముగా నిక్కడను ఎనిమిదే. అప్పుడు పకారము మీది అకారమును తకారమునకును, తకారము మీది ఇకారమును పకారమునకును ఇచ్చి 'పిత' యనవచ్చును. 'ప్రతి' వచ్చును, 'తతి' వచ్చును, 'రిపు' సయితము వచ్చును. కంటికి గనబడని మాటలు చెవికి దొరకుచున్నవి. మన పిల్లలకు వర్ణవిభాగము నేర్పు నుపాధ్యాయులు సంధి సూత్రములకు ముందు ఈ యాట నాడించిన మేలని నా తలంపు.

ఇంకొక సంగతి దాచరాదు. ఈ మాటలన్నియు ఊళ్లలో లేవు, దొరలు గుమాస్తాలు ఏనాడో స్థిరపఱచిన ఇంగ్లీషు వ్రాతలో నున్నవి. చిత్తూరు, పుత్తూరు రెండింటి చివరను మనకు ఒక్క 'ఊరే'. ఇంగ్లీషు వ్రాతలో నొకదానికి రెండు ఓలు, రెండవదానికి ఒక్క యూ. కేరళమునందలి చిత్తూరును యూతోనే వ్రాయుదురు. ఆ యూరికి ఆర్థోటిక్ దక్కదు. కుంపిణీవారి కాగితములలో తిరుపతిని 'ట్రిపెట్టి' యని వ్రాసినారు. అందులో పీయూషగ్రంథి యెక్కడిది? తమిళుల వాడుకను అనుసరించి నేటికిని తిరుపతి చివర హెచ్ చేర్చువారున్నారు. వారికిని పిట్యూటరీ చేజాఱినట్లే.

కుప్పము కొఱకు చాల తిరిగితిని. కే, యూ, ఏ, ఎమ్, రెండు పీలు. గుమ్మడికాయకు ఇంగ్లీషు పేరు 'పంప్‌కిన్' దగ్గఱకు వచ్చినది కాని, ఏ లేదు. చివరకు నూనెబావులపై తల యూపుచు నూనె తోడు యంత్రమునకు 'పంప్‌జాక్' అను పేరున్నదని తెలిసి దానితో తృప్తిపడితిని. కొందఱు దానిని రెండు మాటలుగా విడదీసి వ్రాయుదురు. నేను కలిపి వ్రాయువారి పక్షము.

చంద్రగిరి మాత్రము నాకింకను లొంగలేదు. రెండు ఏలు, రెండు ఆర్‌లు, రెండు ఐలు, వానితో సీ, హెచ్, ఎన్, డీ, జీ. మిక్కిలి చేరువగా వచ్చినది 'రేడియోగ్రాఫిక్' అను మాట. ఎక్స్‌రే చిత్రములకు సంబంధించినది. రేడియోలో చెప్పుటకు తగినదిగ నున్నదని సంతోషించి, అక్షరములు పేర్చి చూచితిని. పదునొకండింటిలో పది సరిపోయినవి. ఎన్ లేదు.